పాత ఫోర్డ్ రేంజర్‌కి 8.8 యాక్సిల్, వెనక డిస్క్ బ్రేకులు ఎలా వేయాలి

పాత రేంజర్ పికప్‌ల వెనక ఎక్కువగా కనిపించేది 7.5 యాక్సిల్. ఆ అంకె క్రౌన్ వీల్ (యాక్సిల్ మధ్యలో తిరిగే పెద్ద పళ్ల చక్రం) వ్యాసం, అంగుళాల్లో. కంపెనీ టైర్లతో, మామూలు లోడుతో నడిపితే దానికి ఏ రోగమూ రాదు. పెద్ద టైర్లు వేసి, ట్రైలర్ తగిలించి, బలమైన ఇంజన్ ఎక్కించి తొక్కితే మాత్రం 28 స్ప్లైన్ల (షాఫ్టు చివర ఉండే పళ్ల) షాఫ్టులూ, లోపలి స్పైడర్ గేర్లూ (రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే చిన్న గేర్లు) చేతులెత్తేస్తాయి. దాని బదులు 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్ తెచ్చి వేస్తే 8.8 అంగుళాల క్రౌన్, 31 స్ప్లైన్ల షాఫ్టులు, 3.25 అంగుళాల ట్యూబులు, డిస్క్ బ్రేకులు, అన్నీ ఒక్క పనిలో వచ్చేస్తాయి. చక్రం బోల్టుల లెక్క కూడా అదే: ఐదు బోల్టులు, 4.5 అంగుళాల సర్కిల్. మీ వీల్సే ఎక్కుతాయి.

ఈ పని అనగానే అందరూ భయపడేది వెల్డింగ్‌కి. కొలత సరిగ్గా ఉంటే వెల్డింగ్ తిప్పలు పెట్టదు. మనిషిని ప్రమాదంలో పడేసేది బ్రేకు ప్రెషర్. ముందు చక్రాల కంటే ముందు వెనక చక్రాలు లాక్ అయ్యే బండి బ్రేకు కొట్టగానే తోక తిప్పుతుంది. అందుకే కింద బ్రేకుల దగ్గర ఎక్కువసేపు ఆగాం. విప్పడం గురించి ఎక్కువ చెప్పలేదు.

యాక్సిల్ ఎంచుకునేటప్పుడు

నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి 2002 మోడల్ నుంచి వెనక విడివిడి సస్పెన్షన్ వచ్చింది. అది మనకు పనికిరాదు. 1991–94 వాటికి వెనక డ్రమ్ములే. కాబట్టి 1995–2001 దాటి వెళ్లకండి.

రేషియో (చక్రం ఒక చుట్టు తిరిగితే పినియన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) తెలుసుకోవడానికి డిఫరెన్షియల్ కవర్ బోల్టు కింద చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది. దాని మీద 3ఎల్73 అని ఉంటే 3.73 రేషియో, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే డిఫరెన్షియల్) అని అర్థం. మధ్యలో ఎల్ లేకపోతే మామూలు డిఫరెన్షియల్. ట్యాగ్ ఊడిపోయి ఉంటే డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ చూడండి. డి4 అంటే 3.73 లిమిటెడ్ స్లిప్. యాక్సిల్ బయట విడిగా దొరికితే రెండు వైపులా కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పి, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే చిన్న గేరు) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడు దాటి ముప్పావు దగ్గర ఆగితే 3.73. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ రేషియో, వెనక యాక్సిల్ రేషియో ఒకటే అయి తీరాలి. ఇందులో సర్దుబాటు లేదు. 3.55 ముందు పెట్టి 3.73 వెనక పెడితే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుపోతుంది.

లిమిటెడ్ స్లిప్ అయితే ప్లేట్లు ఎంత మిగిలాయో కొనకముందే చూడొచ్చు. ఒక వైపు కదలకుండా పట్టి, రెండో వైపు హబ్‌ని టార్క్ రెంచ్‌తో తిప్పండి. 20 పౌండ్-ఫుట్ లోపే జారిపోతోందంటే ప్లేట్లు అరిగాయి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

కొనేటప్పుడు కాలిపర్లు (డిస్కుని నొక్కి పట్టేవి), వాటి బ్రాకెట్లు, మధ్య బ్రేకు హోస్, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు రెండూ, పినియన్ ఫ్లాంజి బోల్టులు నాలుగూ కలిపి తెచ్చుకోండి. ఆ బోల్టులకు 12 మూలల తల, 12 మి.మీ. సాకెట్ పడుతుంది. బయట వాటి కోసం తిరగడం కంటే అక్కడే ఊడదీసుకోవడం నయం.

కవర్ తీసి షాఫ్టులు చూడటం

ఈ యాక్సిల్‌కి డ్రెయిన్ ప్లగ్ ఉండదు. కింద గిన్నె పెట్టి, కవర్ బోల్టులు పదీ వదులు చేసి, పైన రెండు మాత్రం కొన్ని మరలు ఉంచి, కవర్‌ని కిందివైపు నుంచి స్క్రూడ్రైవర్‌తో లేపండి. నూనె నల్లగా ఉన్నా ఫర్వాలేదు. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే రేణువులు గరగరమంటే, పళ్ల మీద పెచ్చులు లేచి ఉంటే వద్దు. అయస్కాంతానికి అంటిన బూడిదలాంటి పేస్టు మామూలే.

షాఫ్టులు లోపల సీ క్లిప్పులతో నిలబడి ఉంటాయి. క్రాస్ పిన్‌ని పట్టే సన్నటి లాక్ బోల్టు ముందు తీయాలి. తల తెగే బోల్టు అదే. ఆరు మూలల సాకెట్ వాడండి, మొదటి కదలిక మెల్లగా రానివ్వండి. పిన్ లాగేశాక డిఫరెన్షియల్‌ని తిప్పొద్దు, స్పైడర్ గేర్లు దొర్లి కింద పడతాయి. షాఫ్టుని బయట నుంచి లోపలికి నెడితే క్లిప్ బయటపడుతుంది. అయస్కాంతంతో అందుకోండి.

బయటికి వచ్చిన షాఫ్టుని వెలుతురులో పట్టుకుని చూడండి. ఫ్లాంజికి కాస్త లోపల, బేరింగ్ రోలర్లు పరిగెత్తే చోట ఒక పట్టీలాంటి మెరుపు కనిపిస్తుంది. ఈ యాక్సిల్‌లో బేరింగ్‌కి విడిగా ఇన్నర్ రేస్ ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్టు ఉక్కు మీదే తిరుగుతాయి. ఆ పట్టీ మీద గోరు అడ్డంగా పెట్టి లాగండి. నున్నగా జారిపోతే షాఫ్టు బాగున్నట్టే. గోరు తట్టుకుంటే, లేదా నీలం రంగు తిరిగి చిన్న చిన్న గుంటలు కనిపిస్తే కొత్త బేరింగ్ వేసినా ఆ గుంటలు దాన్ని నెలల్లో తినేస్తాయి. షాఫ్టు మార్చండి, లేదా రోలర్లు కొత్త చోట తిరిగేలా చేసిన రిపేర్ బేరింగ్ వేయండి. చాలామంది ఇక్కడ బేరింగ్, సీలు మాత్రం మార్చి మూసేస్తారు. కొన్నాళ్లకు సీలు కారి, గేర్ ఆయిల్ డిస్కు మీదకు వచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

క్రౌన్, పినియన్ల మధ్య ఆట డయల్ గేజ్‌తో చూసుకోండి. 0.008 నుంచి 0.015 అంగుళాల మధ్య ఉంటే ముట్టుకోవద్దు. పినియన్ నట్టు జోలికి అసలు వెళ్లొద్దు. దాని వెనక నలిగే స్లీవ్ ఉంటుంది. నట్టు వదులు చేసి మళ్లీ ఎక్కువ బిగిస్తే బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్ మీద ఉండే బిగింపు) హద్దు మీరుతుంది, వెయ్యి మైళ్లలో గుయ్‌మనే చప్పుడు మొదలవుతుంది.

బండి మీద తీసుకోవాల్సిన కొలతలు

పాత యాక్సిల్ బండి కిందే ఉండగా, నాలుగు చక్రాలు నేల మీద ఉండగా ఇవి రాసుకోండి:

కమాన్ (లీఫ్ స్ప్రింగ్) సీట్ల మధ్య దూరం, సెంటర్ బోల్టు రంధ్రం నుంచి రంధ్రానికి. ఎడమ సీటు నుంచి ఎడమ వీల్ ఫ్లాంజికి ఎంత, కుడి సీటు నుంచి కుడి ఫ్లాంజికి ఎంత. గేర్ బాక్స్ లేదా ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ ఎన్ని డిగ్రీలు వంగి ఉందో, పినియన్ ఎన్ని డిగ్రీలు ఉందో. ప్రొపెల్లర్ షాఫ్టు స్లిప్ యోక్ (పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జారే ముక్క) ఎంత బయటికి ఉందో. ఫోటోలు తీసుకోండి, కానీ ఫోటో టేపుకి బదులు కాదు.

1993 తర్వాతి రేంజర్ యాక్సిల్ వెడల్పు ఫ్లాంజి నుంచి ఫ్లాంజికి సుమారు 58.5 అంగుళాలు, ఎక్స్‌ప్లోరర్‌ది 59.5 పైచిలుకు. ఒక్కో వైపు అర అంగుళం బయటికి వస్తుంది, కంటికి తెలీదు. 1992 వరకు వచ్చిన రేంజర్‌కి తేడా ఎక్కువ, టైరు మడ్‌గార్డ్ బయటికి తేలుతుంది. వెడల్పు టైర్లు ఉంటే ముందే ఆలోచించుకోండి.

విప్పడం

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఛాసిస్‌ని స్టాండుల మీద నిలపండి. జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. బ్రేక్ లైను విప్పి చివర మూత పెట్టండి, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు తప్పించండి, ప్రొపెల్లర్ షాఫ్టుకి, ఫ్లాంజికి గుర్తు గీసి విప్పండి, షాకబ్జార్బర్ల కింది బోల్టులు తీయండి. స్పీడు లేదా యాంటీ లాక్ సెన్సర్ డిఫరెన్షియల్ మీద ఉంటే ప్లగ్ పీకండి. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌కి కూడా ఆ సెన్సర్ చోటు ఉంటుంది, కానీ ప్లగ్ ఆకారం ముందే చూసుకోండి. చివరగా యూ బోల్టులు. తుప్పు పట్టి ఉంటే కోసేయండి, ఎలాగూ వాటిని మళ్లీ వాడకూడదు. ఒకసారి బిగిసిన యూ బోల్టు సాగి ఉంటుంది, రెండోసారి పట్టు నిలవదు. పైగా కొత్త ట్యూబు లావు 3.25, పాతవి పట్టవు కూడా.

యాక్సిల్ దింపేటప్పుడు కింద జాకీ మధ్యలో పెట్టి, రెండో మనిషిని ఒక చివర పట్టుకోమనండి. డిఫరెన్షియల్ ఒక పక్కకు ఉంటుంది కాబట్టి బరువు సమంగా తూగదు, అటే తిరగబడుతుంది.

కమాన్ సీట్లు, పినియన్ కోణం

ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్లు యాక్సిల్ కింద ఉంటాయి, రేంజర్‌లో యాక్సిల్ పైన. అంటే తెచ్చిన యాక్సిల్ సీట్లు పనికిరావు. గ్రైండర్‌తో కోసి, ట్యూబుకి గాటు పడకుండా మిగిలింది అరగదీయండి. 2.5 అంగుళాల కమాన్‌కి, 3.25 ట్యూబుకి చేసిన కొత్త సీట్లు తెప్పించుకోండి. షాకబ్జార్బర్ కింది ప్లేట్లు కూడా ఈ ట్యూబు లావుకి సరిపోయేవి కావాలి.

సీట్లను బెంచీ మీద వెల్డ్ చేయకండి. పద్ధతి ఇదీ:

1. సీట్లు ట్యూబు మీద వదులుగా పెట్టి, యాక్సిల్‌ని కమాన్ల కిందికి చేర్చి, సెంటర్ బోల్టు తలలు రంధ్రాల్లో కూర్చోబెట్టండి. యూ బోల్టులు చేత్తో బిగించండి.

2. రాసుకున్న కొలతల ప్రకారం యాక్సిల్‌ని పక్కకు జరిపి మధ్యకు తెండి. రెండు వైపులా ఛాసిస్ నుంచి వీల్ ఫ్లాంజికి దూరం ఒకటే ఉండాలి.

3. షాఫ్టులు, సీ క్లిప్పులు, క్రాస్ పిన్ తాత్కాలికంగా పెట్టి, చక్రాలు ఎక్కించి బండి బరువంతా కమాన్ల మీద పడేలా దింపండి. గాలిలో వేలాడుతున్నప్పుడు చూసిన పినియన్ కోణం అబద్ధం చెబుతుంది.

4. పినియన్ కింద చిన్న జాకీ పెట్టి కోణం సరిచేయండి. షాఫ్టుకి రెండు చివరలా ఒక్కొక్క క్రాస్ (యూనివర్సల్ జాయింట్) ఉంటే పినియన్ గేర్ బాక్స్ అవుట్‌పుట్‌కి సమాంతరంగా ఉండాలి, దానికంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ ఒకటి రెండు డిగ్రీలు దానికోసం. ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర డబుల్ క్రాస్ ఉంటే లెక్క వేరు, పినియన్ నేరుగా ఆ కీలు వైపు చూడాలి.

5. ఒక్కో సీటుకి నాలుగు మూలలా చుక్క వెల్డ్ పెట్టి, మళ్లీ అన్నీ కొలవండి. చుక్క కోసేయడం సులువు, పూర్తి వెల్డ్ కోసేయడం నరకం.

6. యాక్సిల్‌ని కిందికి దించి పూర్తి వెల్డ్ చేయండి. అంతకుముందు షాఫ్టులు మళ్లీ తీసేయండి, సీళ్లు కూడా అప్పటికి లోపల ఉండకూడదు. ఎర్త్ క్లాంప్ ఆ సీటుకే తగిలించండి. దూరంగా తగిలిస్తే కరెంటు డిఫరెన్షియల్ బేరింగ్‌ల గుండా పోయి వాటికి మచ్చలు పెడుతుంది. ఒకసారికి అంగుళం మించి వేయకండి, ఎడమ సీటు మీద ఒక అంగుళం, కుడి సీటు మీద ఒక అంగుళం, ఇలా మార్చి మార్చి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మళ్లీ అదే చోటికి రండి. నీళ్లు పోయొద్దు. ఒకే ఊపులో వేస్తే ట్యూబు అరటికాయలా వంగుతుంది, షాఫ్టు సీలుని ఒక పక్కే ఒరుసుకుంటుంది.

ట్యూబులు మధ్య పోత హౌసింగ్‌లోకి నొక్కి, చుక్క వెల్డ్‌తో నిలిపినవి. చాలా పెద్ద టైర్లతో రాళ్ల మీద తిప్పేవాళ్లు ఆ జాయింటుని చుట్టూ వెల్డ్ చేస్తారు. పోత ఇనుముకి ముందు వేడి, నికెల్ రాడ్ కావాలి, చల్లారడం కూడా మెల్లగా జరగాలి. రోడ్డు బండికి ఆ అవసరం లేదు. సగం తెలిసి చేస్తే ఉన్న హౌసింగ్ పగులుతుంది.

తర్వాత కొత్త బేరింగ్‌లు, సీళ్లు వేసి, షాఫ్టులు దోపి, సీ క్లిప్పులు, క్రాస్ పిన్ పెట్టి, కొత్త లాక్ బోల్టుకి థ్రెడ్ లాక్ రాసి బిగించండి. షాఫ్టు స్ప్లైన్లు సీలు పెదవిని కోయకుండా మధ్యలో ఎత్తి పట్టుకుని దోపాలి. కవర్ బోల్టులు 30 పౌండ్-ఫుట్ దగ్గర. ఫిల్లర్ ప్లగ్‌కి మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ నేరుగా పడుతుంది. 75 డబ్ల్యు 140 సింథటిక్ నూనె రెండున్నర లీటర్లు దగ్గర పెట్టుకుని, రంధ్రం అంచుకి కాస్త కింది దాకా నింపండి. లిమిటెడ్ స్లిప్ అయితే 118 మి.లీ. ఫ్రిక్షన్ మాడిఫయర్ ముందు పోసి తర్వాత నూనె పోయండి. అది మరిస్తే మలుపుల్లో వెనక నుంచి కటకటమని ఈడ్చుకొస్తుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు

షాఫ్టు వెనక చివర గుండ్రటి ఫ్లాంజి ఉంటే చాలావరకు నేరుగా కూర్చుంటుంది. లేకపోతే ఎక్స్‌ప్లోరర్ షాఫ్టు ఫ్లాంజి తెచ్చి, రెండు సైజుల కప్పులున్న కన్వర్షన్ క్రాస్‌తో కలపాలి. బండి నేల మీద ఉండగా స్లిప్ యోక్ పూర్తిగా లోపలికి కొట్టుకోకుండా ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా ఖాళీ ఉందో లేదో చూడండి. ఖాళీ లేకపోతే మొదటి గోతిలోనే గేర్ బాక్స్ వెనక బేరింగ్ దెబ్బతింటుంది.

బ్రేకులు

డ్రమ్ములో లైనర్ తనంతట తానే డ్రమ్ములోకి లాక్కుంటుంది, తక్కువ ప్రెషర్‌తో పట్టేస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు. దానికి ప్రెషర్ ఎక్కువ కావాలి, కాలిపర్ పిస్టన్ పెద్దది కాబట్టి నూనె కూడా ఎక్కువ కావాలి. డ్రమ్ములకు కట్టిన లైనుకి డిస్కులు తగిలించి ఊరుకుంటే రెండు రకాలుగా తేడా కొడుతుంది. ఒకటి, వెనక బ్రేకులు అసలు పని చేయనట్టు ఉంటాయి. రెండు, పెడల్ లోతుకి దిగుతుంది.

మొదట రెసిడ్యువల్ వాల్వ్ సంగతి. డ్రమ్ములున్న కొన్ని సిస్టమ్‌లలో వెనక లైనులో సుమారు 10 పి.ఎస్.ఐ. ప్రెషర్ ఎప్పుడూ నిలబెట్టే వాల్వ్ ఉంటుంది. డిస్కులతో అది ఉంటే ప్యాడ్లు ఎప్పటికీ వదలవు. చక్రం ఎత్తి, బ్రేకు ఒకసారి తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. బరువుగా తిరిగితే బ్లీడర్ (కాలిపర్ మీద గాలి తీసే నిపిల్) కొంచెం వదులు చేయండి. నూనె చిన్న చిమ్ముతో వచ్చి చక్రం తేలికైతే దోషం ఆ వాల్వ్‌దే. చిమ్మకపోయినా బరువుగానే ఉంటే కాలిపర్ పిన్నులు బిగిశాయి, లేదా హ్యాండ్ బ్రేక్ ఎక్కువ బిగించారు.

రెండోది ప్రొపోర్షనింగ్, అంటే ముందు, వెనక బ్రేకులకు ప్రెషర్ పంచడం. కంపెనీ వాల్వ్ డ్రమ్ములకు తగ్గట్టు వెనక ప్రెషర్‌ని కోస్తుంది. చేత్తో తిప్పి సరిచేసుకునే వాల్వ్ వెనక లైనులో పెట్టాలి, కానీ పాత వాల్వ్ కోత తీసేయకుండా దాని మీద ఇది పెడితే రెండుసార్లు కోసినట్టవుతుంది. ఉన్నదాన్ని వెనక వైపుకి పనిచేయకుండా చేశాకే కొత్తది పెట్టండి.

లైను ట్యూబు చివర ఫ్లేర్ ఆకారం చూసి కలపండి. వెనక్కి మడిచిన డబుల్ ఫ్లేర్ వేరు, గుండ్రటి బబుల్ ఫ్లేర్ వేరు. బలవంతంగా బిగిస్తే ఆ రోజు ఆగుతుంది, గట్టిగా తొక్కిన రోజు కారుతుంది. బ్రేకు లైనుకి కంప్రెషన్ ఫిటింగ్ ఎక్కడా వాడొద్దు. మధ్య హోస్, బ్రాకెట్ దగ్గర, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినా సాగకుండా ఉండాలి.

కాలిపర్లు బిగించాక బ్లీడర్ నిపిల్ పైకి ఉందో లేదో ఒక్కసారి చూడండి. ఎడమది కుడికి వేసినా బోల్టులు పడతాయి, కానీ నిపిల్ కిందికి వస్తుంది. అప్పుడు సీసాలు సీసాలు నూనె పోసినా పైన ఇరుక్కున్న గాలి బయటికి రాదు, పెడల్ స్పాంజిలా ఉంటుంది. ఎందుకో తెలీక మాస్టర్ సిలిండర్ మార్చేసినవాళ్లు ఉన్నారు.

గాలి తీసే వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్నదానితో మొదలు. డాట్ 3 నూనె కొత్త డబ్బా విప్పండి. గాలి పూర్తిగా పోయాక కూడా పెడల్ సగం కంటే కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్ నూనె సరిపోవడం లేదని అర్థం. అప్పుడు పెద్ద బోర్ ఉన్నది వేయాలి. బోర్ పెరిగేకొద్దీ కాలు ఎక్కువ బలంగా నొక్కాలి, కాబట్టి అవసరమైనంతే పెంచండి.

హ్యాండ్ బ్రేక్ డిస్కు మధ్య గిన్నెలో చిన్న డ్రమ్ములా ఉంటుంది. దాని బ్యాకింగ్ ప్లేటు తుప్పు పట్టి పొరలుగా ఊడుతుంటే మార్చండి, లేకపోతే లైనర్లను పట్టే పిన్ను ఊడి లోపలే గిరగిరా తిరుగుతుంది. స్టార్ వీల్‌ని డిస్కు కదలనంత దాకా తిప్పి, స్వేచ్ఛగా తిరిగే దాకా వెనక్కి తీయండి. కేబుల్ బిగింపు ఆ తర్వాతే. డిస్కు ఎంత పల్చబడొచ్చో అంచు మీదే పోత పోసి ఉంటుంది.

ప్రెషర్ సరిచేయడం

వాల్వ్‌ని వెనక ప్రెషర్ అతి తక్కువ ఉండే వైపు తిప్పి మొదలుపెట్టండి. తొట్టి ఖాళీగా ఉండాలి, ఎందుకంటే వెనక బరువు లేనప్పుడే వెనక చక్రాలు తొందరగా లాక్ అవుతాయి. మనుషులు, బళ్లు లేని తిన్నటి పొడి చోట గంటకు 40–50 కి.మీ. నుంచి గట్టిగా బ్రేకు తొక్కండి, బయట ఒకరు నిలబడి చక్రాలు చూడాలి. ముందువి మొదట లాక్ అవ్వాలి. వాల్వ్ ఒక్కో చుట్టు తెరుస్తూ మళ్లీ మళ్లీ చూడండి. వెనకవి ముందువాటితో సమంగా లాక్ అయ్యే దశ రాగానే ఒక చుట్టు వెనక్కి తిప్పి అక్కడ ఆపండి. తర్వాత తడి రోడ్డు మీద, తక్కువ స్పీడులో ఒకసారి చూసుకోండి. లోడు వేసినప్పుడు వెనక బ్రేకు ఇంకొంచెం పట్టొచ్చు కదా అని వాల్వ్ తెరవకండి. సరుకు దింపేసి తిరిగొచ్చేటప్పుడు అదే సెట్టింగుతో వస్తారు.

చక్రం నట్లు 100 పౌండ్-ఫుట్. యూ బోల్టులు వాటితో వచ్చిన అంకెకి, అడ్డం మార్చి మార్చి. 50 మైళ్లు తిరిగాక యూ బోల్టులు, చక్రం నట్లు మళ్లీ బిగించండి. కొత్త సీట్లు, కొత్త ప్లేట్లు సర్దుకునేటప్పుడు యూ బోల్టులు పావు చుట్టు తీసుకోవడం మామూలే. 500 మైళ్లకి కవర్ అంచు, పినియన్ సీలు, రెండు చక్రాల లోపలివైపు నూనె తడి ఉందేమో వేలితో చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణుకు వస్తే పినియన్ ముక్కు పైకి ఉంది, వదిలినప్పుడే వస్తే కిందికి ఎక్కువైంది. కమాన్‌కీ సీటుకీ మధ్య పెట్టే కోణపు లోహపు ముక్కలు (షిమ్‌లు) కొద్ది డిగ్రీల దాకా సరిచేస్తాయి, అంతకు మించితే సీటు కోసి మళ్లీ వెల్డ్ చేయాల్సిందే.